పాత రైలుబండికి ఎఫ్‌ఆర్‌ఏ సడలింపు అడగడం ఎలా?

మన దేశంలో పాత ఆవిరి ఇంజను పట్టాలెక్కిందంటే దాని వెనక రైల్వేశాఖే ఉంటుంది. అమెరికాలో ఆ పని చాలాచోట్ల ఊరివాళ్ళే చేస్తారు. రిటైరైన మెకానిక్‌లు, రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు, చందాలిచ్చేవాళ్ళు కలిసి లాభాపేక్ష లేని సొసైటీ ఒకటి పెట్టుకుంటారు. తుక్కుకి పోవాల్సిన డబ్బాని కొని, తుప్పు గీకి, రంగు వేసి, శని ఆదివారాల్లో జనాన్ని ఎక్కించుకుని తిప్పుతారు. అలాంటి సొసైటీ బోర్డులో మీరుంటే, పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువారైతే, కాగితాల పనంతా మీ నెత్తిన పడుతుంది. అలా పడ్డవాళ్ళ కోసమే ఇది.

అక్కడ రైలు భద్రత నిబంధనలు రాసేదీ, తనిఖీ చేసేదీ ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్. అందరూ ఎఫ్‌ఆర్‌ఏ అంటారు. నిబంధనలు 49 సీఎఫ్‌ఆర్ అనే సంకలనంలో పార్టులుగా ఉంటాయి. వాటిలో చాలామటుకు మైళ్ళ పొడవు గూడ్సు బండ్లనీ, దేశమంతా ప్యాసింజర్ రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్‌నీ దృష్టిలో పెట్టుకుని రాసినవి. గంటకి 15 మైళ్ళ వేగంతో పిల్లల్ని తిప్పే బండికి అవే వర్తిస్తే ఇబ్బందే. ఈ సంగతి అమెరికా కాంగ్రెస్‌కి కూడా తెలుసు. పర్యాటక, చారిత్రక రైళ్ళ మీద ప్రభావం చూపే భద్రతా నిబంధనలు చేసేటప్పుడు, వాటికి ప్రత్యేకంగా ఉండే ఆర్థిక, నిర్వహణ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకోవాలని 1994లో చట్టంలోనే రాసిపెట్టింది. ఇప్పుడది యూఎస్‌సీ అనే చట్టాల సంకలనంలో 49 యూఎస్‌సీ 20103(ఎఫ్)గా ఉంది. మీ దరఖాస్తులో ఈ సెక్షన్‌ని తప్పకుండా ప్రస్తావించండి.

చెప్పడానికి వీలుగా ఒక ఊహా సొసైటీని తీసుకుందాం. వాళ్ళ దగ్గర 1948లో కట్టిన కబూస్ ఒకటి ఉంది. కబూస్ అంటే గూడ్సు బండి చివర ఉండే గార్డు డబ్బా. ఆరు మైళ్ళ బ్రాంచి లైను మీద వారాంతాల్లో దాన్ని తిప్పాలని వాళ్ళ కోరిక. అదే లైను మీద మిగతా రోజుల్లో ఒక చిన్న రైల్వే కంపెనీ సరుకు బండ్లు నడుపుతుంది.

మొదటి మెట్టు: అసలు మీరు ఎఫ్‌ఆర్‌ఏ కిందికి వస్తారా?

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా దరఖాస్తు మొదలుపెడతారు. అవసరం లేని అనుమతి కోసం నెలలు ఎదురుచూడటం కంటే ముందు పార్ట్ 209 చివర ఉన్న అనుబంధం ‘ఎ’ చదవండి. ఎవరి మీద అధికారం చలాయిస్తామో, ఎవరి జోలికి పోమో ఎఫ్‌ఆర్‌ఏ అందులో తానే చెప్పుకుంది.

పట్టాల మధ్య వెడల్పు 24 అంగుళాల కంటే తక్కువైతే అది బొమ్మరైలు కింద లెక్క, వాళ్ళు పట్టించుకోరు. అంతకంటే వెడల్పుగా ఉన్నా, మీ లైను దేశవ్యాప్త రైలు వ్యవస్థతో సంబంధం లేకుండా ఒక ఆవరణలో తనంతట తాను ఉంటే, దాన్ని విడి దీవి లాంటిదిగా చూసి వదిలేస్తారు. థీమ్‌పార్కు లోపల చుట్టూ తిరిగే బండి ఇలాంటిదే. అయితే నాలుగింటిలో ఏ ఒక్కటున్నా ఆ వెసులుబాటు పోతుంది: వాడకంలో ఉన్న పబ్లిక్ రోడ్డుతో లెవెల్ క్రాసింగ్, ఇంకో రైలు మార్గాన్ని అదే మట్టంలో దాటే చోటు, పబ్లిక్ రోడ్డు మీదుగానో వాణిజ్య పడవలు తిరిగే నీటి మీదుగానో వంతెన, మరో రైల్వేకి 30 అడుగుల లోపు నడవడం. ఆవరణ దాటి బయటి మనిషికి ప్రమాదం తగిలే వీలుందా అన్నదే వాళ్ళ ప్రశ్న. విడి దీవి అనిపించుకున్నా రాష్ట్ర ప్రభుత్వ తనిఖీలు ఉండొచ్చు, అది వేరే సంగతి.

విడి దీవికీ, దేశ వ్యవస్థలో భాగమైన రైలుకీ మధ్య ఇంకో రకం ఉంది. దేశ వ్యవస్థలో భాగం కాదు, కాని రోడ్డు దాటుతుంది. వీళ్ళకి కొన్ని పార్టులే వర్తిస్తాయి. ఆవిరి ఇంజను నిబంధనలు, ప్రమాద నివేదికలు అందులో ఉంటాయి. మన ఊహా సొసైటీ మాత్రం సరుకు బండ్లు తిరిగే పట్టాల మీదే నడుస్తుంది కాబట్టి దేశ వ్యవస్థలో భాగమే, పూర్తిగా ఎఫ్‌ఆర్‌ఏ కిందే.

రెండో మెట్టు: ఇప్పటికే మినహాయించినవాటిని కొట్టేయండి

ఎఫ్‌ఆర్‌ఏ కిందికి వచ్చినంత మాత్రాన అన్ని పార్టులూ మీకు తగలవు. ప్రతి పార్టు మొదట్లో ‘వర్తింపు’ అనే సెక్షన్ ఉంటుంది. ఒక కాగితం మీద పార్టుల సంఖ్యలు వరసగా రాసుకుని, ఆ సెక్షన్ చదువుతూ టిక్కులు పెట్టండి.

అన్నిటికంటే పెద్ద ఊరట పార్ట్ 238లో ఉంది. ప్యాసింజర్ బోగీల ఢీ తట్టుకునే బలం, మంటలు అంటుకోని సామగ్రి లాంటి ఖరీదైన ప్రమాణాలన్నీ అందులోవి. దేశ వ్యవస్థ మీద నడిచినా నడవకపోయినా పర్యాటక, చారిత్రక, విహార రైళ్ళకి ఆ పార్టు వర్తించదు. సర్కస్ రైళ్ళకీ అక్కడే మినహాయింపు రాశారు. రింగ్లింగ్ సర్కస్ రైలు 2017లో ఆగిపోయింది కాబట్టి ఆ మాట ఇప్పుడు ఎవరికి పనికొస్తుందో మరి.

ఒక జాగ్రత్త. ప్రయాణికుల్ని ఫలానా గమ్యానికి చేర్చడం ముఖ్యోద్దేశం కానప్పుడే దాన్ని పర్యాటక రైలు అంటారు. మీరు జాతరకి షటిల్ వేసి, టికెట్ల ప్రకటనలో ‘పార్కింగ్ బాధ లేకుండా ఊళ్ళోకి చేరండి’ అని రాసుకుంటే, ఆ నిర్వచనాన్ని చేజేతులా బలహీనపరుచుకున్నట్టే. కాబట్టి ప్రకటనలు రాసేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పండి.

కిటికీ అద్దాల పార్ట్ 223 కూడా చూడండి. రాయి తగిలినా పగలని అద్దాలు ఉండాలన్నది అందులో సారాంశం. 50 ఏళ్ళు దాటి, విహారం, విద్య, వినోదం లాంటి పనులకే వాడే పాత ఇంజన్లకీ బోగీలకీ కబూస్‌లకీ దాన్నుంచి మినహాయింపు ఉంది. పాతది అంటే ఎంత పాతదన్న లెక్క 2016 సవరణతో స్పష్టమైంది. ఈ 50 ఏళ్ళ హద్దు ఏటేటా ముందుకు జరుగుతుంది కాబట్టి, నిరుడు పనికిరాని బోగీ ఈ ఏడు పనికిరావచ్చు.

సరుకు డబ్బాల పార్ట్ 215 స్టాండర్డ్ గేజి పట్టాల మీది డబ్బాలకే. కొలరాడోలో మూడడుగుల గేజి మీద నడిచే డురాంగో–సిల్వర్టన్ లాంటివాళ్ళకి ఈ పార్టుతో పనిలేదు. మన సొసైటీది మామూలు గేజి. కబూస్ సరుకు మోయదు గదా అని సంబరపడకండి, నిర్వచనంలో కబూస్‌ని కూడా సరుకు డబ్బాగానే లెక్కేశారు.

మూడో మెట్టు: ఏ గుమ్మం తట్టాలో తేల్చుకోండి

మిగిలిన పార్టుల్లో మీకు అడ్డొచ్చే సెక్షన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంటాయి. ఒక్కోదానికి దారి వేరు.

కట్టిన నాటి నుంచి 50 ఏళ్ళు దాటిన సరుకు డబ్బాని 215.203 సెక్షన్ ఆంక్షలున్న డబ్బాగా చూస్తుంది. నిషేధించిన కొన్ని రకాల భాగాలున్నా, 1950 ఏప్రిల్ 1కి ముందు కట్టిన డ్యూరియా అండర్‌ఫ్రేమ్ (డబ్బా కింది చట్రంలో ఒక పాత రకం) ఉన్నా అంతే. (డ్యూరియా విషయంలో బండి చివర నడిచే కబూస్‌కి సడలింపు ఉంది, వయసు విషయంలో లేదు.) మన 1948 కబూస్‌కి 1998లోనే 50 నిండాయి. దాన్ని నడపడానికి అదే సెక్షన్ కింద ప్రత్యేక ఆమోదం అడగాలి.

ఆంక్షలున్న డబ్బా మీద ఆ సంగతి తెలిపే అక్షరాలు రాయాలని 215.303 అంటుంది. పక్కల మీద పసుపో తెలుపో రిఫ్లెక్టర్ పట్టీలు అతికించాలని పార్ట్ 224 అంటుంది. 1948 నాటి ఎర్ర రంగు మీద ఇవి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. వీటి నుంచి బయటపడాలంటే అడగాల్సింది వేవర్, అంటే నిబంధన నుంచి సడలింపు. దాని విధానం పార్ట్ 211లో ఉంది. ప్రత్యేక ఆమోదం, ఈ రెండు వేవర్లు కలిపి అడగడం పర్యాటక రైళ్ళవాళ్ళకి అలవాటైన పద్ధతే.

కొన్ని గుమ్మాలు తట్టినా తెరుచుకోవు. ఏజెన్సీ రాసిన నిబంధనని ఏజెన్సీ సడలించగలదు. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని, ఆ చట్టమే వీలిస్తే తప్ప సడలించలేదు. డబ్బాల్ని తగిలించే ఆటోమేటిక్ కప్లర్లు, పట్టుకునే కమ్మీలు, పవర్ బ్రేకులు 1893 నాటి సేఫ్టీ అప్లయన్స్ చట్టం నుంచి, మెట్లు 1910లో దానికి చేర్చిన చట్టం నుంచి వస్తున్నవి. 1893కి ముందు డబ్బాల మధ్య నిలబడి చేత్తో పిన్ను పెట్టి తగిలించేవాళ్ళు. వేళ్ళు పోగొట్టుకున్న బ్రేక్‌మెన్ లెక్కకు మిక్కిలి. మొదటి చట్టం పుట్టిందే అందుకు. ‘అప్పట్లో కమ్మీ ఇక్కడే ఉండేది’ అన్న చారిత్రక వాదన ఇక్కడ పెద్దగా పనిచేయదు. కమ్మీ సరిగ్గా బిగించుకోవడమే చవక.

నాలుగో మెట్టు: దరఖాస్తు రాయడం

215.203 కింద ఏమేం చెప్పాలో ఆ సెక్షనే జాబితా ఇస్తుంది: మీ పేరు, చిరునామా, డబ్బాని నడిపేదెవరు, ఎన్ని డబ్బాలు, ఏ రకం, ఎంత సామర్థ్యం, వాటి మీది గుర్తులు, ఎక్కడున్నాయి, స్థితి, వయసు, ఏ కారణంగా ఆంక్ష పడింది, గరిష్ఠంగా ఎంత బరువు, ఎంత వేగం. నడపాలనుకున్న తేదీకి కనీసం 90 రోజుల ముందు అందాలి. ఆ గడువు పట్టుకుని మే నెల సీజన్‌కి ఫిబ్రవరిలో పంపకండి. వేవర్ కూడా కలిపి అడుగుతున్నారు కాబట్టి నెలలు పడుతుంది. ముందటి ఏడాది సీజన్ ముగిసిన వెంటనే పంపడం మేలు.

వయసుకి రుజువు సంపాదించడం ఇందులో సరదా భాగం. డబ్బా కట్టిన కంపెనీ బిగించిన బిల్డర్ ప్లేటు ఉంటే అదృష్టమే. లేకపోతే కంపెనీ రికార్డులు, పాత ఫోటోలు వెతకాలి. ట్రక్ (డబ్బా కింద చక్రాలుండే చట్రం) సైడ్‌ఫ్రేముల మీద పోత పోసిన తేదీలుంటాయి, కాని ట్రక్కులు మార్చి ఉండొచ్చు కాబట్టి వాటినే నమ్ముకోవద్దు.

ఇక వేవర్ భాగం. పార్ట్ 211 ఏ సెక్షన్ నుంచి, ఎంతమేరకు, ఏ డబ్బాకి, ఏ చోట సడలింపు కావాలో చెప్పమంటుంది. ఎందుకు కావాలో, ఖర్చులూ ప్రయోజనాలూ ఏమిటో, భద్రతకి సంబంధించిన సమాచారం ఏముందో కూడా అడుగుతుంది. వేవర్ ఇవ్వడానికి చట్టం పెట్టిన కొలబద్ద రెండు ముక్కలు: ప్రజాహితంగా ఉండాలి, రైలు భద్రతకి అనుగుణంగా ఉండాలి. మొదటి ముక్క మీద పేజీలు పేజీలు రాస్తారు జనం. మా డబ్బా చరిత్ర, ఊరికి వచ్చే టూరిస్టులు, మేయర్ గారి ఉత్తరం. నిర్ణయం జరిగేది మాత్రం రెండో ముక్క దగ్గరే.

అందుకని ప్రతి నిబంధననీ ఒక ప్రశ్న అడగండి: ఇది ఏ ప్రమాదాన్ని ఆపడానికి పెట్టారు? ఆ ప్రమాదం మా దగ్గర ఉందా? ఉంటే ఇంకెలా ఆపుతున్నాం? ఆంక్ష అక్షరాలు ఎందుకంటే, డబ్బా ఊళ్ళు దాటి వేరే రైల్వే చేతికి వెళితే అక్కడి తనిఖీదారు దాన్ని గుర్తుపట్టాలి. మీ కబూస్ ఆ ఆరు మైళ్ళు దాటదు. రిఫ్లెక్టర్ పట్టీలు ఎందుకంటే, రాత్రిపూట క్రాసింగ్ దగ్గర కారు నడిపేవాడికి నల్లటి డబ్బా కనబడక గుద్దేస్తాడు. మీరు పగలే నడుపుతారు, క్రాసింగ్ దగ్గర జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు. రాయాల్సింది ఇంగ్లీషులోనే గాని, సారం ఇలా ఉండాలి:

‘ఈ కబూస్‌ని ఫలానా మైలురాయి నుంచి ఫలానా మైలురాయి వరకు, సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయానికి ముందు, గంటకి 15 మైళ్ళకి మించకుండా నడుపుతాం. సరుకు ఎక్కించం. ఇతర రైల్వేలకి అప్పగించం. నడిపే ప్రతిరోజూ బండి కదలకముందు తనిఖీ చేసి రికార్డు ఉంచుతాం. ఏడాదికోసారి అర్హత ఉన్న తనిఖీదారుతో పూర్తిగా పరీక్ష చేయిస్తాం.’

మీ అంతట మీరే పెట్టుకున్న హద్దులు ఎంత ఖచ్చితంగా ఉంటే, చదివేవాళ్ళకి ‘సరే’ అనడం అంత తేలిక. ‘అన్ని నిబంధనల నుంచి మినహాయించగలరు’ అని గంపగుత్తగా రాస్తే ఎవరూ ధైర్యం చేయరు. అలాగే నెరవేర్చలేని హామీ రాయవద్దు. ఆ హామీయే రేపు మీ అనుమతి పత్రంలో షరతుగా తిరిగొస్తుంది. దీపావళికో క్రిస్మస్‌కో సాయంత్రం బండి వేయాలనుకుంటే ఆ సంగతి ముందే ఆలోచించుకుని రాయండి.

ఐదో మెట్టు: పంపాక

పంపేముందు మీ ప్రాంతపు ఎఫ్‌ఆర్‌ఏ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి డబ్బా చూపించండి. చాలామంది వాళ్ళని చూస్తే బెదిరిపోతారు. కాని రేపు వాషింగ్టన్ ఆఫీసు తరఫున పరిశీలనకి వచ్చేది కూడా అదే ఇన్‌స్పెక్టర్ కావచ్చు. ఆయన మొదటిసారి చూడటం మీ ఆహ్వానం మీద జరిగితే మంచిది.

దరఖాస్తు అందాక దానికి ఒక డాకెట్ (ఫైలు) నంబరు వస్తుంది, ప్రభుత్వ గెజెట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటన వెలువడుతుంది. కాగితాలన్నీ రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, సాధారణంగా 60 రోజుల పాటు అభిప్రాయాలు పంపొచ్చు. అక్కడే ఇతర సొసైటీల పాత దరఖాస్తులూ, వాటికి వచ్చిన జవాబులూ ఉంటాయి. నాలుగైదు చదివితే ఏ వాదన పనిచేసిందో, ఏ షరతులు పెట్టారో తెలిసిపోతుంది. కన్సల్టెంట్‌కి డబ్బు కట్టే ముందు ఆ పని చేయండి.

అనుమతి వస్తే అందులో షరతులుంటాయి, వేవర్లకి సాధారణంగా ఐదేళ్ళ గడువుంటుంది. గడువు ముగియకముందే పొడిగింపు అడగాలి. సొసైటీల్లో కార్యదర్శులు మారుతుంటారు కాబట్టి ఆ తేదీ ఒకరి మెయిల్‌లో కాకుండా ఆఫీసు గోడ మీద ఉండాలి. ఇంకో మాట: ఎఫ్‌ఆర్‌ఏ ఆమోదించినంత మాత్రాన పక్క రైల్వే మీ డబ్బాని తన బండిలో తగిలించుకుని తీరాలని లేదు. డబ్బాలు ఇచ్చిపుచ్చుకునే నియమాలు అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ రైల్‌రోడ్స్ అనే పరిశ్రమ సంఘానివి. పాత తరహా ప్లెయిన్ బేరింగులున్న డబ్బాల్ని ఆ సంఘం ఎప్పుడో పక్కన పెట్టేసింది. అందుకే వేరే ఊళ్ళో కొన్న పాత డబ్బాలు లారీల మీద రావడం చూస్తుంటాం.

ఆవిరి ఇంజను ఉంటే

ఇక్కడ ధోరణి మార్చుకోవాలి. కబూస్‌కి రంగు విషయంలో ఉదారంగా ఉండే ఏజెన్సీ బాయిలర్ దగ్గర అలా ఉండదు. దానికి కారణం ఉంది. 1995 జూన్ 16న పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్ రైల్‌రోడ్ విహార రైలు లాగుతున్న 1278 నంబరు ఇంజనులో నీళ్ళు అడుగంటి, ఫైర్‌బాక్స్ పైకప్పు రేకు తెగింది. క్యాబ్‌లో ఉన్న ముగ్గురు కాలిపోయి గాయపడ్డారు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ (జాతీయ రవాణా భద్రతా బోర్డు) వేలు పెట్టి చూపించింది నిర్వహణ లోపాల్నీ, సిబ్బందికి సరైన శిక్షణ లేకపోవడాన్నీ. అంటే వారాంతపు బండ్లలో జరగడానికి వీలున్న తప్పులే.

తర్వాత 1999లో పార్ట్ 230ని తిరగరాశారు, 2000 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగాక రాసిన నిబంధన గదా, ఉక్కిరిబిక్కిరి చేస్తుందనుకుంటాం. పర్యాటక రైళ్ళవాళ్ళు కూడా కూర్చున్న కమిటీలో చర్చించి రాసింది కాబట్టి, ఒకచోట బిగించి ఇంకోచోట వదులు చేసింది. అంతకు ముందు బాయిలర్ గొట్టాలు నాలుగేళ్ళకోసారి విప్పాలన్నది నియమం. రోజూ నడిచే రోజుల్లో రాసిన లెక్క అది. వేసవిలో వారాంతాలు మాత్రమే నడిచే ఇంజనుకి అంత ఖర్చు పెట్టి గొట్టాలు విప్పితే లోపల పెద్దగా అరుగుదలే ఉండదు. కొత్త నియమం ప్రకారం పెద్ద తనిఖీ 1,472 సర్వీసు రోజులకి ఒకసారి, లేదా 15 ఏళ్ళకి, ఏది ముందైతే అది. ఫైర్‌బాక్స్‌లో నిప్పు, బాయిలర్‌లో పీడనం ఉన్న ప్రతి రోజూ సర్వీసు రోజే, గంట నడిపినా సరే. 92 రోజుల తనిఖీలు 16 అయితే 1,472, అంటే పాత నాలుగేళ్ళే. వాటిని వాడిన రోజుల లెక్కలోకి మార్చారంతే. 15 ఏళ్ళకి పంచుకుంటే ఏడాదికి 98 రోజులు.

ఇలాంటి ఇంజను మీదైతే సర్వీసు రోజుల పుస్తకాన్ని ప్రాణంలా చూసుకోండి. రాయని రోజు మీకు మిగలదు, నమ్మకం మాత్రం పోతుంది. ఫొటోల కోసం నిప్పు వేసి ఒక రోజు కాల్చేసుకునే ముందు, అదే రోజు టికెట్లు అమ్మగలరేమో చూడండి. 31, 92 సర్వీసు రోజుల తనిఖీలు, ఏటా గరిష్ఠ పీడనం కంటే 25 శాతం ఎక్కువతో నీటి పరీక్ష, రేకుల మందం కొలిచి వేసిన లెక్కలతో ఫారం 4, ఇవన్నీ సక్రమంగా ఉంటే, 15 ఏళ్ళ గడువు విషయంలోనో మరో విషయంలోనో వేవర్ అడిగే మొహం ఉంటుంది. అవి లేకుండా అడగవద్దు. అడిగితే సడలింపు రాకపోగా తనిఖీ వస్తుంది. సొంతంగా వర్క్‌షాపు లేకపోతే పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ లాంటి చోట్ల బయటివాళ్ళ ఇంజన్ల పని కూడా చేసిపెడతారు.

నిబంధననే మార్చమనాలంటే

ఒకే సడలింపుని వందమంది ఐదేళ్ళకోసారి అడుగుతుంటే, దాన్ని నిబంధనలోనే రాసేయమని అడగడం సబబు. కిటికీ అద్దాల 50 ఏళ్ళ లెక్క నిబంధనలోకి ఎక్కాక ఆ డబ్బాలకి విడివిడిగా వేవర్ అడిగే పని తప్పింది. 2025 జూలైలో ఎఫ్‌ఆర్‌ఏ ఒకేసారి చాలా నిబంధనల సడలింపు ప్రతిపాదనలు వెలువరించింది. కాబట్టి మీరు దరఖాస్తు రాసే రోజున ఈసీఎఫ్‌ఆర్ అనే సీఎఫ్‌ఆర్ ఆన్‌లైన్ సైట్‌లో ఆ సెక్షన్ తాజా పాఠం మరోసారి తెరిచి చూడండి. మీరు అడగబోయేది అప్పటికే వచ్చేసి ఉండొచ్చు.

ప్రతిపాదన ఏదైనా డాకెట్‌లో ఉంటే మీరూ అభిప్రాయం రాయొచ్చు. దానికి పౌరసత్వం, సభ్యత్వం ఏమీ అడగరు. హెరిటేజ్‌రైల్ అలయన్స్ లాంటి సంఘాలు తయారుచేసిన నమూనా ఉత్తరాన్ని సంతకం మార్చి పంపితే అది గుంపులో ఒకటవుతుంది. మీ బండి లెక్కలు రాయండి: ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తుంది, ఎంత వేగం, ఈ నిబంధన పాటించడానికి నిరుడు ఎన్ని గంటలు, ఎన్ని డాలర్లు ఖర్చయ్యాయి, దానివల్ల ఏ లోపం బయటపడింది, లేదా ఏదీ బయటపడలేదు. ఏదైనా లోపం నిజంగానే దొరికి ఉంటే దాన్ని కూడా దాచకుండా రాయండి. మొదటి వరసలో డాకెట్ నంబరు, సెక్షన్ నంబరు ఉండాలి. రెండు పేజీలు దాటకుండా చూసుకోండి.